ట్రావెల్ నెట్‌వర్క్ మార్కెటింగ్: మెంబర్‌షిప్ కట్టే ముందు ఏమేం అడగాలి?

లెక్కతేలాలి (ప్రశ్న)

ట్రావెల్ క్లబ్ పేరుతో నడిచే ఒక నెట్‌వర్క్ మార్కెటింగ్ ప్లాన్ కాగితాలు చదువుతున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా ప్లాన్లన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి కాబట్టి పేరుతో పనిలేదు. చేరేటప్పుడు ఒకసారి 200, ఆ తర్వాత నెలనెలా 50 కట్టాలి. ఏ కరెన్సీ అన్నది పక్కన పెట్టండి, నిష్పత్తులు చూస్తే చాలు. బదులుగా ఒక లాగిన్ ఇస్తారు. అందులో హోటళ్లు, క్రూయిజ్‌లు 'హోల్‌సేల్' ధరకు దొరుకుతాయట. నలుగురిని చేర్పిస్తే నెలవారీ ఫీజు మాఫీ. కింద చేరినవాళ్లను లెఫ్ట్, రైట్ అని రెండు కొమ్మలుగా వేస్తారు. అంతకు మించి చేర్పిస్తే రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరు కలిసిన పెయిర్ల మీద వారం వారం బోనస్.

నా సందేహాలు ఇవి. హోటల్ గదో క్రూయిజో అమ్మితే అసలు కమీషన్ ఎంత మిగులుతుంది? దాన్ని ఏడెనిమిది లెవెల్స్‌కి, అంటే ఒకరి పైన ఒకరుగా చేర్పించినవాళ్ల వరసలకు, పంచడం సాధ్యమేనా? 'హోల్‌సేల్ ధర' అనేది నిజంగా ఉందా? 'మా దగ్గర ప్రోడక్ట్ ఉంది కాబట్టి ఇది పిరమిడ్ స్కీమ్ (కొత్తగా చేరేవాళ్ల డబ్బే పైవాళ్లకు పంచే పథకం) కాదు' అంటున్నారు, ఆ మాట నిలుస్తుందా? ఆదాయ వివరాలంటూ ఒక పట్టిక ఇచ్చారు, దాన్ని ఎలా చదవాలి? చివరగా, చేరితే ట్రావెల్ ఏజెంట్ కార్డు వస్తుంది, ఇక మన ప్రయాణాలన్నీ వ్యాపార ఖర్చు కింద చూపించి టాక్స్ తగ్గించుకోవచ్చు అంటున్నారు. ఇది ఎంతవరకు నిజం?

'చేరండి', 'చేరకండి' అనే ఒక్క ముక్క జవాబులు వద్దు. లెక్క తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి.

టికెట్‌కౌంటర్

మీ మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందు విమాన టికెట్లు. వీటి మీద ఆశ వదులుకోవచ్చు. 1995లో డెల్టా సంస్థ అమెరికా దేశీయ రానూపోనూ టికెట్‌పై ఏజెంట్ కమీషన్‌ను 50 డాలర్లకు మించకుండా కట్టడి చేసింది. 2002 మార్చిలో మూల కమీషన్‌నే ఎత్తేసింది. మిగతా పెద్ద ఎయిర్‌లైన్స్ వెంటనే అదే దారి పట్టాయి. పెద్ద మొత్తంలో టికెట్లు అమ్మే ఏజెన్సీలకు విడిగా ఒప్పందాలు ఉంటాయి. క్లబ్ లాగిన్‌లోంచి ఒక సభ్యుడు కొనే ఒక టికెట్ మీద పంచుకోవడానికి చెప్పుకోదగ్గదేమీ ఉండదు.

హోటల్‌కి వద్దాం. సాధారణంగా కమీషన్ గది ధరలో 10 శాతం దగ్గర ఉంటుంది, అదీ పన్నులు తీసేశాక. బిల్లు 1,150 అయి అందులో 150 పన్నులైతే, 1,000 మీద 100 వస్తుంది. ఈ 100 ముందు కంపెనీకి చేరుతుంది. అమ్మిన సభ్యుడికి 60 ఇస్తే మిగిలేది 40. దాన్ని ఏడు లెవెల్స్‌కి పంచితే ఒక్కో లెవెల్‌కి 6 కూడా రాదు. కస్టమర్ సర్వీస్, వెబ్‌సైట్, కార్డు చెల్లింపుల ఖర్చు అన్నీ పోవాల్సింది కూడా ఆ 40 లోంచే.

క్రూయిజ్ మీద శాతం ఎక్కువ కనిపిస్తుంది, 10 నుంచి 16 దాకా. కానీ ఆ శాతం మొత్తం ధరకు వర్తించదు. నౌకా సంస్థలు ధరలో కొంత భాగాన్ని కమీషన్ లేని రుసుముగా విడదీస్తాయి. పోర్టు చార్జీలు, పన్నులు దానికి అదనం. ఉదాహరణకు 1,000 టికెట్‌లో మూల ధర 650, కమీషన్ లేని రుసుము 200, పోర్టు ఖర్చులు, పన్నులు 150 అనుకుందాం. 10 శాతం అంటే చేతికొచ్చేది 65, 16 శాతమైతే 104.

ఇప్పుడు దీని పక్కన మీ ప్లాన్ ఫీజు పెట్టి చూడండి. ఒక కొత్త జాయినింగ్ అంటే మొదటి ఏడాదిలో 200, దానికి తోడు నెలకు 50 చొప్పున 600, మొత్తం 800. ఇందులో హోటల్‌కి గానీ నౌకా సంస్థకి గానీ ఒక్క పైసా పోదు. గదులు అమ్మి అదే 800 కమీషన్‌గా సంపాదించాలంటే 8,000 విలువైన గదులు అమ్మాలి. కాబట్టి ఆ ప్లాన్‌లో పైకి పాకుతున్న బోనస్ డబ్బు గదుల లోంచి వస్తోందా, ఫీజుల లోంచి వస్తోందా అన్నదానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఇంకో గుర్తు: డబ్బు ఎప్పుడు వస్తుందో చూడండి. హోటల్ కమీషన్ అతిథి గది ఖాళీ చేశాకే పుడుతుంది, చేతికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. బుకింగ్ రద్దయితే అసలు రాదు. మరి మీ ప్లాన్‌లో బోనస్ వారం వారం ఇస్తామంటున్నారు. నిన్న చేరినవాడు ఇంకా సూట్‌కేసు కూడా సర్దుకోకముందే అతని పేరు మీద బోనస్ వచ్చిందంటే, ఆ డబ్బు ప్రయాణానికి సంబంధించింది కాదు.

చివరిలెవెల్

పైన చెప్పింది డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో. అది ఎంతమందికి చేరుతుందో నేను చెబుతాను.

'నలుగురిని చేర్పిస్తే ఫీజు మాఫీ' అన్నది వినడానికి అందరికీ అందే మాటలా ఉంటుంది. నెట్‌వర్క్‌లో 10,000 మంది ఉన్నారనుకోండి. ఒక మనిషిని ఒక్కరే చేర్పించగలరు, ఇద్దరి ఖాతాలో వేయరు. మొదటి మనిషిని తీసేస్తే మొత్తం జాయినింగ్‌లు 9,999. ఒక్కొక్కరికి నాలుగు చొప్పున పంచితే గరిష్ఠంగా 2,499 మందికే మాఫీ దక్కుతుంది. మిగిలిన 7,501 మంది ఫీజు కట్టాల్సిందే. వాళ్లు ఎంత కష్టపడినా, ఎన్ని మీటింగులకు వెళ్లినా ఈ సంఖ్య కదలదు. 10,000 కాస్తా 10 లక్షలైనా అదే నిష్పత్తి, కనీసం నాలుగింట మూడొంతుల మంది కట్టేవాళ్లే. నిజ జీవితంలో ఒకడు నలభై మందిని చేర్పిస్తాడు, పదిమంది ఒక్కరినీ చేర్పించలేరు. కాబట్టి కట్టేవాళ్ల వాటా ఇంకా పెరుగుతుంది. ఈ లెక్క నెట్‌వర్క్ నిండిపోయాక వచ్చే ఇబ్బంది గురించి కాదు, మొదటి నెల నుంచే ఇంతే.

లెఫ్ట్, రైట్ విషయం. పెయిర్ అంటే రెండు వైపులా సమానంగా ఉన్న మేరకే లెక్క. రైట్‌లో 90 జాయినింగ్‌లు, లెఫ్ట్‌లో 3 ఉంటే మీకు వచ్చేది 3 పెయిర్ల డబ్బు. మిగిలిన 87 తర్వాతి వారానికి మోసుకుపోతారా, లేక ఒక పరిమితి దాటాక చెరిపేస్తారా అన్నది ప్లాన్ చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నెలవారీ ఫీజు ఒక్కసారి తప్పితే పోగైన లెక్క మొత్తం సున్నా చేసే ప్లాన్లు ఉన్నాయి. ఆ పేరా తప్పకుండా వెతకండి. డబ్బు రాకపోయినా మనుషులు నెలల తరబడి ఫీజు ఎందుకు కడుతూ ఉంటారో అక్కడ అర్థమవుతుంది.

'పైవాళ్లు మీ కింద మనుషుల్ని వేస్తారు, మీరు ఊరికే ఉన్నా చాలు' అని కూడా చెబుతారు. పైవాడు వేసే మనుషులు అతని ఒక వైపు అంచునే పడతారు. అంటే మీకు ఒక్క వైపే నిండుతుంది. రెండో వైపు మీరే నింపాలి, డబ్బు లెక్క కట్టేది ఆ రెండో వైపు మీదే. రెండేసి చొప్పున 20 లెవెల్స్ నిండితే మొత్తం 10,48,575 మంది, అందులో 5,24,288 మంది అట్టడుగు లెవెల్‌లో కింద ఎవరూ లేకుండా ఉంటారు. మీటింగులో చూపించే బొమ్మలో మిమ్మల్ని ఎప్పుడూ పైన ఉన్న చుక్క దగ్గరే నిలబెడతారు. సగానికి సగం మంది ఉండేది అడుగు వరసలో.

ఇక 'ప్రోడక్ట్ ఉంది కాబట్టి పిరమిడ్ కాదు' అన్న వాదన. ఇది చాలా కాలం కిందటే వీగిపోయింది. అమెరికాలో 1975 నాటి కాస్కాట్ కేసు నుంచి చూసేది రెండు విషయాలు: అమ్మే హక్కు కోసం సభ్యుడు డబ్బు కడుతున్నాడా, ఇతరులను చేర్పించినందుకు అతనికి వచ్చే ప్రతిఫలానికి అసలైన వినియోగదారులకు జరిగిన అమ్మకాలతో సంబంధం ఉందా లేదా. కాస్కాట్ సౌందర్య సాధనాలు అమ్మే సంస్థ, సరుకు నిజంగానే ఉంది. 1979లో ఆమ్‌వే ఆ ఆరోపణ నుంచి బయటపడింది కూడా సరుకు ఉన్నందుకు కాదు. అమ్ముడుపోనిది వెనక్కి తీసుకోవడం, కొన్నదాంట్లో 70 శాతం అమ్మాకే బోనస్, నెలకు కనీసం పదిమంది రిటైల్ కస్టమర్లు ఉండాలనే నిబంధనల వల్ల.

ట్రావెల్ రంగంలోనే రెండు ఉదాహరణలు. వైటీబీ ఇంటర్నేషనల్ అనే అమెరికా సంస్థ సభ్యులకు ట్రావెల్ వెబ్‌సైట్లు అమ్మేది, మొదట దాదాపు 450 డాలర్లు, తర్వాత నెలకు దాదాపు 50. 2008లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఆ సంస్థపై దావా వేస్తూ చూపించిన లెక్క ఇది: 2007లో 2 లక్షల మందికి పైగా సభ్యులు, ట్రావెల్ కమీషన్ అంటూ వచ్చింది 38 శాతం మందికే, ఆ వచ్చినవాళ్లలో కూడా మధ్యస్థ ఆదాయం (వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న మనిషికి వచ్చింది) ఏడాదికి 39 డాలర్లు. అంటే ఒక నెల ఫీజుకు కూడా చాలదు. 2009లో సంస్థ 10 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది, 2013లో దివాలా దాఖలు చేసింది. రెండోది వరల్డ్‌వెంచర్స్. ఆదాయం ప్రధానంగా సభ్యులను చేర్పించడం నుంచే వస్తోందని 2014లో నార్వే లాటరీ నియంత్రణ సంస్థ దాన్ని అక్రమ పిరమిడ్‌గా తేల్చింది. 2020 డిసెంబర్‌లో ఆ కంపెనీ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. ఈ రెండు చోట్లా హోటళ్లు నిజం, బుకింగ్‌లు నిజం, సెలవు గడిపి వచ్చినవాళ్లూ నిజం. నియంత్రణ సంస్థలు అడిగింది ఒక్కటే, బోనస్ ఏ డబ్బుతో ఇస్తున్నారని.

మీరు కంపెనీని అడగాల్సిన ప్రశ్న కూడా అదే: 'డౌన్‌లైన్ కోడ్ (తన కింద మనుషుల్ని చేర్పించే కోడ్) లేకుండా, ఎవరినీ చేర్పించే ఉద్దేశం లేకుండా, కేవలం ప్రయాణాల కోసం ఫీజు కట్టే కస్టమర్ల నుంచి పోయిన ఏడాది మీ ఆదాయంలో ఎంత శాతం వచ్చింది?' జవాబు రాతపూర్వకంగా అడగండి. నోటి మాటగా వచ్చే జవాబుకు విలువ లేదు.

లెక్కతేలాలి

ఇద్దరికీ చాలా థాంక్స్. 7,501 లెక్క కళ్లు తెరిపించింది. ఒక అనుబంధ ప్రశ్న. ఎవరినీ చేర్పించకుండా, కేవలం తక్కువ ధరల కోసం చేరితే ఎలా ఉంటుంది? ఏటా ఎలాగూ ప్రయాణాలు చేసేవాళ్లకి ఏడాదికి 600 గిట్టుబాటు అవుతుందా? డెమోలో ఒక హోటల్ మీద 45 శాతం తగ్గింపు చూపించారు.

గదిధర

ఆ 45 శాతం దేని మీద అన్నది ముందు చూడాలి. చాలాసార్లు అది హోటల్ ప్రకటించే గరిష్ఠ ధర మీద లెక్క, ఆ ధరకు దాదాపు ఎవరూ గది తీసుకోరు. లేదంటే క్లబ్ చూపించేది డబ్బు వాపసు రాని గది, పోల్చేది ఉచితంగా రద్దు చేసుకునే గదితో. ఈ రెండు రకాల మధ్య మామూలుగానే 10 నుంచి 20 శాతం తేడా ఉంటుంది, దానికి ఏ క్లబ్బూ అక్కర్లేదు.

హోల్‌సేల్ ధర అన్నది మాత్రం నిజంగానే ఉంది. హోటళ్లు కొన్ని గదులను నెట్ రేటుకు, అంటే కమీషన్ కలపని తక్కువ ధరకు, టోకు వ్యాపారులకు ఇస్తాయి. బహిరంగంగా చూపించే ధర అన్ని సైట్లలో ఒకేలా ఉండాలన్న ఒప్పందాలు ఉంటాయి కాబట్టి, ఆ తక్కువ ధరను లాగిన్ వెనక, పరిమిత సభ్యులకు మాత్రమే చూపిస్తారు. క్లబ్‌కు దొరికేది ఇదే. కానీ ఇదే నెట్ రేటు బ్యాంకు కార్డుల ట్రావెల్ పోర్టళ్లకూ, ఎయిర్‌లైన్స్ హోటల్ పేజీలకూ, ఉచితంగా ఖాతా తెరిస్తే 'మెంబర్ ధర' చూపించే మామూలు బుకింగ్ సైట్లకూ దొరుకుతుంది. నెలకు 50 కట్టి కొనేంత అరుదైన వస్తువు కాదది.

చేరకముందే పరీక్షించే పద్ధతి చెబుతాను. మిమ్మల్ని చేర్పించాలనుకునే వ్యక్తిని అతని లాగిన్ తెరిచి మీ ముందు కూర్చోమనండి. హోటళ్లు, తేదీలు మీరే ఎంచుకోండి. ఆరు వెతుకులాటలు చాలు: రెండు మామూలు వారం రోజులకు, రెండు వారాంతాలకు, రెండు రద్దీ సీజన్‌కు. ఒక్కో వెతుకులాటకు ఒకే గది రకం, ఒకే మంచం, బ్రేక్‌ఫాస్ట్ ఉందా లేదా, రద్దు చేసుకునే చివరి తేదీ, ఇద్దరు పెద్దలా ముగ్గురా, ఇవన్నీ సమానంగా పెట్టండి. తర్వాత పక్కన ఇంకో ఫోన్‌లో రెండు చోట్ల చూడండి, ఉచిత ఖాతాతో ఒక పెద్ద బుకింగ్ సైట్, హోటల్ సొంత సైట్‌లో వాళ్ల ఉచిత మెంబర్ ధర. మొదటి పేజీలో కనిపించే ధర రాసుకోవద్దు. చెల్లింపు పేజీ దాకా వెళ్లి, పన్నులు, రిసార్ట్ ఫీజు, సర్వీస్ చార్జీ కలిపి చివరికి కట్టాల్సిన మొత్తం రాసుకోండి. ఈ ఆఖరి పేజీలోనే క్లబ్ ధర పెరిగిపోవడం ఎక్కువగా కనిపిస్తుంది.

ఆరింటి సగటు తేడా ఎంత వచ్చిందో దానితో ఏడాది ఫీజును భాగించండి. నిజమైన తేడా 6 శాతం అనుకుంటే, 600 రాబట్టుకోవడానికే ఏడాదికి 10,000 ఖర్చు పెట్టాలి. మొదటి ఏడాది 800 కట్టారు కాబట్టి 13,333. అదీ మొత్తం ఆ క్లబ్ ద్వారానే, విమానాలు కలపకుండా. మీ ప్రయాణ ఖర్చు అంతకంటే తక్కువైతే తగ్గింపు పేరుతో నష్టమే కొంటున్నట్టు. అంతకంటే చాలా ఎక్కువ తిరిగేవాళ్లకు గిట్టవచ్చు, కాకపోతే అంత తిరిగేవాళ్లకు హోటల్ చైన్ల సొంత పాయింట్లు, ఉచిత గదుల అప్‌గ్రేడ్‌లు ఉంటాయి. బయటి సైట్ల ద్వారా బుక్ చేస్తే మామూలుగా అవి రావు.

'కట్టిన ప్రతి 100కి 200 పాయింట్లు' అనే ప్లాన్లు ఇంకో రకం. ఇక్కడ మూడు చూడండి. ఒక బుకింగ్‌లో ఎంత శాతం పాయింట్లతో కట్టనిస్తారు? పాయింట్లతో కట్టేటప్పుడు మూల ధర బయటి ధరతో సమానంగా ఉందా, పెంచి చూపించారా? సభ్యత్వం ఆపేస్తే పాయింట్లు ఉంటాయా, పోతాయా? వాడకుండా మురిగిపోయే పాయింట్లు ఇలాంటి కంపెనీలకు నికర లాభం. ధర హామీ కూడా అంతే, తేడా చూపిస్తే డబ్బు వాపసు అంటారు గానీ ఆ వాపసు పాయింట్ల రూపంలో వస్తుందేమో షరతుల్లో చూడండి.

ఇంకొకటి, తేడా వచ్చినప్పుడు ఏమవుతుందో. క్లబ్ ద్వారా కొన్న గదిలో తేదీ మార్చాలంటే హోటల్ రిసెప్షన్ చేతుల్లో ఉండదు, 'మీరు ఎక్కడ కొన్నారో అక్కడే మాట్లాడండి' అంటారు. క్లబ్ వెనక టోకు వ్యాపారి, అతని వెనక ఇంకొకరు ఉండవచ్చు. అందుకే ప్రయాణానికి ఒక వారం ముందు హోటల్‌కి ఫోన్ చేసి మీ పేరు మీద హోటల్ సొంత కన్ఫర్మేషన్ నంబర్ ఉందో లేదో కనుక్కోవాలి. క్లబ్ ఇచ్చే వోచర్ నంబర్ వేరు, అది హోటల్ కంప్యూటర్‌లో కనిపించకపోవచ్చు.

పట్టికచదువరి

ఆదాయ పట్టిక ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

ఒక ఊహాత్మక పట్టిక తీసుకుందాం. 1,000 మంది సభ్యులు. ఒకరికి 1,00,000 వచ్చింది, తొమ్మిది మందికి 5,000 చొప్పున, తొంభై మందికి 300 చొప్పున, మిగతా 900 మందికి సున్నా. పంచిన మొత్తం 1,72,000. కరపత్రంలో 'ఆదాయం పొందిన సభ్యుల సగటు 1,720' అని అచ్చు వేయవచ్చు, అందులో అబద్ధం లేదు. ఆ వాక్యం 900 మందిని లెక్కలోకే తీసుకోలేదు, అంతే. అందరినీ కలిపితే సగటు 172. మధ్యలో ఉన్న మనిషికి వచ్చింది సున్నా. కట్టిన ఫీజు మాత్రం అందరిదీ 800.

కాబట్టి పట్టికలో మొదట వెతకాల్సింది 'యాక్టివ్' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం. ఏడాది మధ్యలో మానేసినవాళ్లను తీసేశారా? బోనస్ ఒక్కసారైనా వచ్చినవాళ్లనే యాక్టివ్ అన్నారా? తర్వాత, అంకెలు ఖర్చులు తీసేశాక వచ్చినవా, తీయకముందువా? దాదాపు ఎప్పుడూ తీయకముందువే. ఫీజు, మీటింగుల టికెట్లు, ప్రయాణాలు, ఫోన్లు ఏవీ అందులో ఉండవు. ఒక మంచి నెలను తీసుకుని పన్నెండుతో గుణించి 'వార్షిక ఆదాయం' అన్నారేమో కూడా చూడండి. పై ర్యాంకుల్లో ఎంతమంది ఉన్నారో శాతం ఇవ్వకుండా ర్యాంకుల పేర్లు, అంకెలు మాత్రమే ఇచ్చే పట్టికతో ఏమీ తేలదు.

2024 సెప్టెంబర్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది ఇలాంటి 70 ప్రకటనలను పరిశీలించి నివేదిక ఇచ్చారు. ఆ డేటా ప్రకారం ఎక్కువమందికి వచ్చింది ఏడాదికి 1,000 డాలర్లు లేదా అంతకంటే తక్కువ, కనీసం 17 కంపెనీల్లో ఎక్కువమందికి ఏమీ రాలేదు. చాలా ప్రకటనలు ఖర్చులను లెక్కలోకి తీసుకోలేదు. ఇది ట్రావెల్ ఒక్కదాని లెక్క కాదు, అన్ని రకాల నెట్‌వర్క్ కంపెనీలవీ కలిపి.

టాక్స్ మాట చెప్పి వెంటనే నమ్మించేస్తారు, జాగ్రత్త. అమెరికా పన్ను చట్టంలో లాభం ఉద్దేశంతో నడిచే వ్యాపారానికే ఖర్చుల మినహాయింపు. అయిదేళ్లలో మూడేళ్లు లాభం చూపిస్తే అది వ్యాపారమేనన్న అనుకూల భావన ఉంటుంది. ఏటా నష్టం చూపిస్తూ కుటుంబ విహారాలను ఖర్చుగా రాస్తే అది సరదా వ్యాపకం కింద తేలే ప్రమాదం ఉంది. మీరు ఏ దేశంలో ఉన్నా ఈ మాటను ఆ కంపెనీ మనిషి నోట కాకుండా సొంత టాక్స్ కన్సల్టెంట్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. చాలా దేశాల్లో బహుమతిగా ఇచ్చే 'ఉచిత' ట్రిప్ మీ ఆదాయం కిందే వస్తుందన్నది కూడా మీటింగుల్లో చెప్పరు.

టికెట్‌కౌంటర్

ఏజెంట్ కార్డు మిగిలిపోయింది. కంపెనీ సొంతంగా ముద్రించే కార్డుకు హోటల్ కౌంటర్‌లో విలువ ఉండదు. అమెరికాలో ట్రావెల్ ఏజెంట్లకు గుర్తింపు ఇచ్చే ఐటాన్ (IATAN) సంస్థ కార్డు కావాలంటే వారానికి కనీసం 20 గంటలు ట్రావెల్ అమ్మకాల్లో పని చేయాలి, ఏడాదికి కనీసం 5,000 డాలర్ల కమీషన్ సంపాదించాలి. ఏజెంట్ రాయితీలు ఇచ్చేది అమ్మకాలు తెస్తారన్న లెక్కతోనే. అందుకే అమ్మకాలు లేకుండా కార్డులు పంచే సంస్థలను ఈ రంగంలో 'కార్డ్ మిల్' అంటారు, పేరున్న సరఫరాదారులు వాటిని దూరం పెడతారు.

నిజంగా ట్రావెల్ అమ్మే పని మీద ఇష్టం ఉన్నవాళ్లకు హోస్ట్ ఏజెన్సీ (స్వతంత్ర ఏజెంట్లను తన కింద అమ్మకాలు చేయనిచ్చే ట్రావెల్ సంస్థ) అనే మామూలు దారి ఉంది. అక్కడా నెలవారీ ఫీజు ఉండవచ్చు, కాబట్టి ఫీజు ఉందా లేదా అన్నది తేడా కాదు. హోస్ట్ దగ్గర మీ అమ్మకం మీద వచ్చిన కమీషన్‌లో 70, 80 శాతం మీకు, మిగతాది వాళ్లకు. ఎవరినీ చేర్పించకుండానే లెక్క పూర్తవుతుంది. శిక్షణలో గంటలన్నీ క్రూయిజ్ డెక్ ప్లాన్లు, వీసా నియమాలు, రద్దు షరతులు, బీమా మీద పోతాయి. నెట్‌వర్క్ ప్లాన్ శిక్షణ కాలపట్టిక అడిగి చూడండి. పరిచయస్తుల జాబితా ఎలా రాయాలి, అభ్యంతరాలకు ఏం జవాబు చెప్పాలి అన్నదే ఎక్కువగా ఉంటే వాళ్లు తయారుచేస్తున్నది ట్రావెల్ ఏజెంట్లను కాదు.

లైసెన్సు కూడా అడగండి. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, వాషింగ్టన్, హవాయి లాంటి రాష్ట్రాల్లో ప్రయాణాలు అమ్మేవాళ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది. బ్రిటన్‌లో విమానంతో కూడిన ప్యాకేజీలకు ఆటోల్ (ATOL, ప్రయాణికుల డబ్బుకు రక్షణ ఇచ్చే లైసెన్సు) నంబర్ ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో ప్యాకేజీ నిర్వాహకులు దివాలా తీసినా ప్రయాణికుల డబ్బుకు రక్షణ ఉండేలా ఏర్పాటు చేయాలి. నంబర్ ఇస్తే ఆ నియంత్రణ సంస్థ సైట్‌లోకి వెళ్లి మీరే సరిచూడండి, కంపెనీ పంపిన లింకు మీద నొక్కి కాదు.

కొత్తసభ్యుడు_ఆర్

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఏం చేయాలో కూడా ఎవరైనా చెబుతారా? ఫీజు ఆటో డెబిట్ మీద ఉంది, రెండు నెలల తర్వాతి తేదీకి ఒక హోటల్ బుకింగ్ కూడా ఉంది.

గదిధర

వరస ముఖ్యం. రద్దు మెయిల్ ముందే పెట్టకండి. సభ్యత్వం ఆపగానే లాగిన్ మూసేస్తే మీ బుకింగ్ కాగితాలు కూడా లోపలే ఉండిపోతాయి.

మొదట లాగిన్‌లోకి వెళ్లి అన్నీ దాచుకోండి: కట్టిన ప్రతి ఫీజు రసీదు, బోనస్ వివరాలు, పాయింట్ల నిల్వ, మీరు చేరిన రోజున ఉన్న షరతుల కాపీ, దాని మీది తేదీతో సహా. చేరేటప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ఆదాయ హామీలు, వాయిస్ మెసేజ్‌లు చెరిపేయకండి. తర్వాత హోటల్‌కి ఫోన్ చేసి గది మీ పేరు మీద ఉందో, పూర్తిగా చెల్లించినట్టు నమోదైందో కనుక్కుని, హోటల్ నంబర్ రాసుకోండి. గది నమోదు కాకపోతే ఉచిత రద్దు గడువు ఉండగానే రద్దు చేసి డబ్బు వెనక్కి అడగండి. వాపసు పాయింట్లలో ఇస్తామంటే ఒప్పుకోకుండా, కట్టిన కార్డుకే వేయమనండి.

చేరి ఎన్ని రోజులైందో చూడండి. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి యూరోపియన్ యూనియన్‌లో మామూలుగా 14 రోజుల ఉపసంహరణ గడువు ఉంటుంది. అమెరికాలో ఇంటి దగ్గరో అద్దె హాల్లోనో చేసిన చాలా అమ్మకాలకు మూడు పని దినాలు. భారతదేశంలో 2021 డిసెంబర్‌లో వచ్చిన ప్రత్యక్ష విక్రయ నియమాలు పిరమిడ్ పథకాలను, డబ్బు చలామణీ పథకాలను నిషేధించాయి, కాబట్టి ఫిర్యాదుకు అదొక ఆధారం. గడువు దాటినా కంపెనీ సొంత షరతుల్లో ఇంకా ఎక్కువ రోజులు ఇచ్చిందేమో చూడాలి.

ఇప్పుడు రద్దు మెయిల్. నాలుగు వాక్యాలు చాలు: సభ్యత్వం నంబర్, ఈ తేదీ నుంచి రద్దు, ఇకపై డెబిట్‌కు నా అనుమతి లేదు, వాపసు రావాల్సిన మొత్తం ఇంత. కారణాలు రాయనక్కర్లేదు. కారణం రాస్తే అప్‌లైన్ (మిమ్మల్ని చేర్పించిన పైవాడు) ఫోన్ చేసి ఆ కారణం మీదే గంటసేపు మాట్లాడతాడు. అదే రోజు బ్యాంకులో ఆటో డెబిట్ అనుమతిని విడిగా రద్దు చేయండి, కంపెనీకి చెప్పినంత మాత్రాన అది ఆగదు. ఆ తర్వాత కూడా డబ్బు పడితే కార్డు బ్యాంకులో వివాదం నమోదు చేయవచ్చు. దానికి గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి.

చివరిలెవెల్

దానికి ఒకటి జోడిస్తాను. మీ కింద ఎవరినైనా చేర్పించి ఉంటే, మీరు రద్దు చేసుకుంటున్న సంగతి వాళ్లకు అదే రోజు మీరే చెప్పండి, వాళ్ల గడువు కూడా తరిగిపోతూ ఉంటుంది. లేకపోతే మీ పైవాడు ముందుగా ఫోన్ చేసి వాళ్లను నేరుగా తన కిందకు తీసుకుంటానని ఒప్పిస్తాడు. మీ పేజీలో ఆదాయం గురించి పెట్టిన పోస్టులు ఉంటే కాపీ దాచుకుని తీసేయండి. వాటిని చూసి ఇంకెవరైనా చేరితే ఆ మాటకు జవాబు చెప్పాల్సింది మీరవుతారు. వాలెట్‌లో బోనస్ మిగిలి ఉంటే కనీస విత్‌డ్రా మొత్తం ఎంతో చూడండి. ఆ మొత్తానికి కొంచెం తక్కువగా ఉందని ఇంకో నెల ఫీజు కట్టి ఆగమంటారు. ముందు లెక్క వేయండి: వాలెట్‌లో 40 ఉంది, విత్‌డ్రాకు 50 కావాలి, దానికోసం కట్టే ఫీజు 50.